చెల్లి పెళ్లయ్యే దాకా ఆగమంటున్నారు, ఈ గడ్డ ఆగుతుందా?

పేరు, ఊరు రాయవద్దంటూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 37 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఐదేళ్లు. భర్త లారీ నడుపుతారు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. రెండున్నర నెలల కింద స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో, చంక వైపు, రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుకు మొహమాటపడుతూ చెబితే, ఆయన పరీక్షించకుండానే ‘పాలగడ్డ అయ్యుంటుంది’ అని పది రోజులకు మాత్రలిచ్చారు. మాత్రలు అయిపోయాయి, గడ్డ అలాగే ఉంది.

ఆమె తల్లికి 46 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారట. పుండు పడ్డాక పట్నం తీసుకెళ్లారు. ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి గానీ ఏడాదిన్నరకే పోయారు. ఇది ఏడేళ్ల కిందటి మాట. ఇప్పుడు 26 ఏళ్ల చెల్లికి మంచి సంబంధం కుదిరింది, పెళ్లి నాలుగు నెలల్లో ఉంది. అబ్బాయి వాళ్లకు మాత్రం అమ్మ గుండెపోటుతో పోయిందని చెప్పారు. గడ్డ సంగతి నాన్నకు చెబితే ఆయన ఏడ్చారు. ‘ఈ ముచ్చట ఇప్పుడు బయట పెట్టకు బిడ్డా, చిన్నదాని పెళ్లి ఆగిపోతది. నాలుగు నెలలు ఓర్చుకో’ అన్నారు. అత్తగారేమో ‘కత్తి పెడితే పాకుతది, మీ అమ్మకు అట్లనే కాలేదా’ అని పసరు కట్టిస్తానంటున్నారు. భర్తకు ఇంకా చెప్పలేదు.

ఇది క్యాన్సరేనా, నాలుగు నెలలు ఆగవచ్చా, అబ్బాయి వాళ్లకు చెప్పాలా, రేపు చెల్లికి కూడా వస్తుందా అని అడుగుతూ ఉత్తరాన్ని ఈ ప్రశ్నతో ముగించారు: ‘నా ప్రాణం నేను చూసుకుంటే చెల్లి బతుకు పాడు చేసినదాన్ని అవుతానా?’

సమాధానం:

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అవరు. ఎందుకు కారో కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. మీ ఇంట్లో అందరూ మంచి మనసుతోనే రెండు వేరు వేరు సంగతులను కలిపి ముడేశారు. ఆ గడ్డ ఏమిటో మీకు తెలియడం ఒక సంగతి. మీ విషయం పదిమందికీ తెలియడం ఇంకో సంగతి. నాన్నగారు భయపడుతున్నది రెండోదానికి. కానీ ఆపమంటున్నది మొదటిదాన్ని. గుట్టుగా ఉంచుకోవాలని మీకుంటే ఉంచుకోవచ్చు, అది మీ హక్కు. గుట్టు కోసం పరీక్ష ఆపుకోవాల్సిన అవసరం మాత్రం లేదు. నేను రాసేదంతా ఈ ముడి విప్పడానికే.

ముందు గడ్డ సంగతి. అది క్యాన్సరా కాదా అన్నది ఉత్తరం చదివి నేను చెప్పలేను. చేత్తో తడిమి ఆర్‌ఎంపీ చెప్పలేరు, పెద్ద సర్జన్ కూడా కచ్చితంగా చెప్పలేరు. మీ వయసులో రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డలు, నీటి తిత్తులు, నెలసరికి ముందు గట్టిపడే కణజాలం, ఇలాంటివే ఎక్కువ. ఇది మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, ఉన్న సంగతే. అయితే ఆ ‘ఎక్కువ భాగం’లో మీ గడ్డ ఉందని ఊహించుకుని కూర్చోవడానికి వీల్లేదు. దానికి మీ ఉత్తరంలోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. రెండు నెలసరులు దాటినా గడ్డ తగ్గలేదు. మందులు వాడినా తగ్గలేదు. అమ్మకు యాభై లోపే ఈ జబ్బు వచ్చింది. తల్లికో తోబుట్టువుకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి, అలా లేనివారితో పోలిస్తే ముప్పు సుమారు రెట్టింపు ఉంటుంది.

పాలగడ్డ అన్న మాట గురించి కూడా చెప్పాలి. బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనో, పాలు మాన్పించిన కొత్తలోనో పాలు గడ్డకట్టడం, చీము పట్టడం మామూలే. అప్పుడు సాధారణంగా నొప్పి ఉంటుంది, ఎర్రబడుతుంది, జ్వరం వస్తుంది. మీ చిన్నవాడికి ఐదేళ్లు. ఇప్పుడు పాలగడ్డ అనే మాటకు బలం చాలా తక్కువ. ‘నొప్పి లేదు కాబట్టి భయం లేదేమో’ అని మీరు ఒకచోట రాశారు. ఈ నమ్మకం వల్ల మన దగ్గర ఎంతోమంది ఆలస్యం చేసుకున్నారు. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందిలో నొప్పి ఉండదు. నొప్పి ఉంటే మనిషి ఎలాగూ దవాఖానకు పరిగెడతారు. లేకపోవడం వల్లే అది దాక్కుంటుంది.

నాకు ముప్పై ఏడే కదా అని కూడా మీకు అనిపిస్తూ ఉండవచ్చు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే సగటున పదేళ్ల ముందే కనిపిస్తోంది. మన జనాభాలో చిన్న వయసువారు ఎక్కువ కావడం దానికి ఒక కారణం. ఏది ఏమైనా నలభైల్లో ఉన్న ఆడవాళ్లు ఆ వార్డుల్లో చాలామందే కనిపిస్తారు. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో భారతదేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, దాదాపు 98,000 మంది చనిపోయారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు వచ్చినవారి సంఖ్యకు పోయినవారి సంఖ్య సగమంత ఉంది. ధనిక దేశాల్లో ఇంత ఉండదు. మనవాళ్లకు వచ్చే క్యాన్సర్ మరీ వేరే రకం కావడం వల్లే ఇలా జరగడం లేదు. ముఖ్యంగా మనం ఆలస్యంగా వెళుతున్నాం, వెళ్లాక కూడా చికిత్స మధ్యలో ఆపేస్తున్నాం. మొదటి దశలోనే పట్టుకుని చికిత్స పూర్తి చేసుకున్నవారిలో ఐదేళ్లు దాటి బతికేవారు నూటికి తొంభైకి పైనే.

అందుకే నాలుగు నెలల సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. వారం, పది రోజులు అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు. టికెట్టు దొరకలేదనో, పిల్లాడికి జ్వరం వచ్చిందనో నాలుగు రోజులు ఆలస్యమైతే టెన్షన్ పడకండి. కానీ మీరు ఇప్పటికే రెండున్నర నెలలు ఆగారు. ఇంకో నాలుగు కలిస్తే ఆరున్నర. పెళ్లయ్యాక పదహారు రోజుల పండుగ, ఆ వెంటనే ఇంకేదో ఉంటుంది. ఏడు నెలలు అనుకోండి. లక్ష మందికి పైగా రోగుల వివరాలున్న పాత అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. లక్షణం కనిపించాక మూడు నెలలు దాటి చికిత్సకు వెళ్లినవారిలో ఐదేళ్లు బతికినవారి శాతం, ముందే వెళ్లినవారి కంటే సుమారు 12 తక్కువగా తేలింది. మీరిప్పుడు ఆ మూడు నెలల గీతకు ఇవతలే ఉన్నారు. ఈ ఉత్తరానికి ఇంత తొందరగా జవాబు రాయడానికి కారణం అదే.

ఆగితే ఏమవుతుందో రెండు వైపులా చూద్దాం. గడ్డ మామూలుదే అయితే నాలుగు నెలల తర్వాత కూడా అది మామూలుదే. మీరు పోగొట్టుకునేది నిద్ర. చెల్లి పెళ్లిలో పసుపు దంచుతూ, సారె సర్దుతూ కూడా మీ మనసు ఆ గడ్డ మీదే ఉంటుంది. అదే క్యాన్సర్ అయితే, గడ్డ మాత్రమే తీసేస్తే సరిపోయే దశ దాటి చంకలోని గ్రంథులకు పాకవచ్చు. ఎక్కువ కీమో, పెద్ద ఆపరేషన్, ఎక్కువ ఖర్చు, తక్కువ నమ్మకం. ఇక ఇప్పుడే పరీక్ష చేయించుకుంటే? మామూలుదని తేలితే, అలాంటి అవకాశమే ఎక్కువ, పెళ్లికి మీరు మనస్ఫూర్తిగా నవ్వుతూ తిరుగుతారు. క్యాన్సర్ అని తేలితే పెళ్లి నాటికి ఏం చేయాలో ఆలోచించుకోవడానికి చేతిలో టైమ్ ఉంటుంది. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెడితే ఆగడం వల్ల ఎవరికి మేలో నాకు కనిపించడం లేదు. చెల్లికి కూడా.

ఇక పరీక్ష ఎక్కడ, ఎలా, ఎవరికీ తెలియకుండా? మీ భయం నాకు అర్థమైంది. మండల కేంద్రంలో స్కానింగ్ సెంటరు ముందు నిలబడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని రాశారు. అక్కడికి వెళ్లనక్కర్లేదు. మీ ఉమ్మడి జిల్లాలో మహబూబ్‌నగర్‌తో పాటు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లో కూడా ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వీటిలో మీకు చుట్టాలు, తెలిసినవాళ్లు లేని ఊరిని ఎంచుకోండి. ఉదయాన్నే వెళ్లి సర్జరీ విభాగం ఓపీలో చూపించుకోండి. ఖర్చు తక్కువ, మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు. ఇబ్బంది ఏమిటంటే కొత్త కాలేజీల్లో అన్ని పరీక్షలూ ఒకే రోజు కాకపోవచ్చు, రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. స్కూల్లో ఎన్నిసార్లు సెలవు పెడతారో చూసుకోండి.

రెండో దారి నేరుగా హైదరాబాద్. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో రోజూ ఇలాంటి గడ్డలే చూస్తారు. అనుభవం ఎక్కువ, ఒకవేళ క్యాన్సర్ అని తేలినా చికిత్స అక్కడే కొనసాగుతుంది, మళ్లీ ఇంకోచోటికి పరిగెత్తాల్సిన పని ఉండదు. రద్దీ మాత్రం ఎక్కువ. క్యూలో గంటలు గడపాలి. అమ్మను అలాంటి వార్డుల చుట్టూ తిప్పిన జ్ఞాపకాలు మీకు ఉన్నాయి కాబట్టి, ఆ వాతావరణంలోకి మళ్లీ అడుగుపెట్టడం మీకు కష్టంగానే ఉంటుంది. అది తెలిసే చెబుతున్నాను.

మూడోది పట్నంలో ప్రైవేటు. అన్నీ త్వరగా అవుతాయి, రిపోర్టు కొద్ది రోజుల్లో చేతికి వస్తుంది. పరీక్షలన్నీ కలిపి కొన్ని వేలు అవుతాయి. చెల్లికి బంగారం కోసం చీటీలో నలభై వేలు ఉన్నాయన్నారు. అందులో కొంత ఇటు వెళితే నేరం కాదు. అయితే ఒక హెచ్చరిక. పరీక్షల వరకు ప్రైవేటుకు వెళ్లినా సరే, అక్కడి తొందరలో వెంటనే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ముక్క పరీక్ష, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ, లేకుండా ‘ముందు గడ్డ తీసేద్దాం, తర్వాత చూద్దాం’ అంటే ఆగమని చెప్పండి. క్యాన్సర్ అయితే ఆపరేషన్ ముందా, కీమో ముందా అన్నది ముందుగా నిర్ణయించాల్సిన విషయం.

ఏ దారిలో వెళ్లినా జరగాల్సినవి మూడు. డాక్టరు చేత్తో పరీక్షించడం, స్కానింగ్, ముక్క పరీక్ష. ఈ మూడూ ఒకే మాట చెబితేనే ఆ మాటను నమ్మాలి. మీ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, గడ్డ కనబడకుండా పోయే అవకాశం ఉంది. కాబట్టి మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. చేయకపోతే మీరే అడగండి. చేతికి తగిలే గడ్డ ఉన్నప్పుడు మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా కథ అక్కడితో అయిపోదు. ఇది బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే ‘నార్మల్’ అనే ఒక్క మాట పట్టుకుని ఇంటికి వెళ్లిపోయి ఏడాది తర్వాత తిరిగివచ్చేవాళ్లున్నారు. మగ డాక్టరు చూస్తారేమో అని సిగ్గుపడుతున్నారు. లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు, ఆ అడగడంలో తప్పు లేదు. ఆ రోజు లేడీ డాక్టరు లేకపోతే నర్సును పక్కన ఉండమని అడగండి. సిగ్గు వల్ల ఆ రోజు వెనక్కి మాత్రం రావద్దు.

మీ ఇంటికి వచ్చిన నర్సమ్మ బీపీ, షుగర్ చూసి, రొమ్ము పరీక్ష కూడా చేసినట్టు కాగితంలో టిక్కు పెట్టుకుని వెళ్లిందని రాశారు. చదివి బాధ కలిగింది. 30 ఏళ్లు దాటిన స్త్రీలందరికీ రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ల పరీక్షలు చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పరీక్ష ఊరికే కాగితం కోసం పెట్టింది కాదు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు లక్షన్నర మంది స్త్రీలతో 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చేసిన పరీక్షలకే క్యాన్సర్లు చిన్న దశలో దొరికాయి. యాభై దాటిన స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మీ వయసువారిలో మాత్రం అంత తేడా రాలేదు, అది కూడా చెప్పాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. మీ కాగితంలో పెట్టిన టిక్కుకు, ఈ అంకెకు సంబంధం ఉందనే నాకనిపిస్తుంది. అయితే ఇదంతా ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం చేసే పరీక్ష సంగతి. మీకు గడ్డ తగిలింది. మీరు అడగాల్సింది స్క్రీనింగ్ కాదు, పూర్తి నిర్ధారణ. ఎక్కడికి వెళ్లినా ‘గడ్డ ఉంది, రెండున్నర నెలలైంది, అమ్మకు క్యాన్సర్ వచ్చింది’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ వంతు వచ్చాక డాక్టరు మీకు ఇచ్చే టైమ్ కొద్దిసేపే ఉండవచ్చు.

అత్తగారి మాటకు వస్తే, ఆమెను తప్పుపట్టను. ఆమె చూసింది చూసినట్టు చెబుతున్నారు. అమ్మకు సూది గుచ్చారు, కత్తి పెట్టారు, ఆ తర్వాత ఆమె పోయారు. ఒకదాని వెనుక ఒకటి జరిగితే ముందుదే కారణమనుకోవడం సహజం. కానీ అమ్మ దవాఖానకు వెళ్లేటప్పటికే పుండు పడింది. జబ్బు అప్పటికే చాలా దూరం వెళ్లింది. సూదితో చిన్న ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. తీయకపోతే ఏ మందు పనిచేస్తుందో తెలియదు. అత్తగారితో వాదించి గెలవాల్సిన పని మీకు లేదు. ‘ముందు ఏమిటో తెలుసుకుని వస్తాను అత్తమ్మా, కత్తి సంగతి తర్వాత’ అనండి. అది అబద్ధం కూడా కాదు. పసరు మాత్రం కట్టించుకోవద్దు. చర్మం కాలినా, చీము పట్టినా స్కానింగ్‌లో అసలు గడ్డ ఏదో, పసరు వల్ల వచ్చిన వాపు ఏదో తేల్చడం కష్టమవుతుంది.

క్యాన్సర్ అనే తేలితే? మీరు భయపడి రాయని ప్రశ్న ఇదే అనుకుంటాను, రొమ్ము తీసేస్తారా అని. చిన్న దశలో దొరికితే చాలామందికి గడ్డ వరకే తీసి, ఆ తర్వాత రేడియేషన్ ఇస్తే, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు కదా, మొత్తం రొమ్ము తీసినవారితో సమానంగా బతుకుతారు. దీని మీద అమెరికాలో, ఇటలీలో ఇరవై ఏళ్లు వెంబడించి చూసిన అధ్యయనాలు 2002లో వచ్చాయి, సందేహం లేదు. ఎంత ముందు వెళితే అంత తక్కువ కోత. కీమో అవసరమైతే సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. చాలా మందులకు రెండు మూడు వారాల్లో జుట్టు ఊడుతుంది, పెళ్లిలో అది కనిపిస్తుంది. ఇది దాచి మీకు ధైర్యం చెప్పలేను. అప్పుడు మీ ముందు కొన్ని దారులుంటాయి. అనుకున్నదానికంటే ముందే ముహూర్తం పెట్టించి సింపుల్‌గా పెళ్లి చేయడం ఒకటి, మనవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు బాగాలేనప్పుడు చేసేదే. ఆపరేషన్ ముందు చేసే పద్ధతి అయితే పెళ్లి తేదీకి సర్దుబాటు కుదురుతుందేమో డాక్టరునే అడగడం రెండోది, డాక్టర్లకు ఇలాంటి ప్రశ్నలు కొత్త కాదు. లేదంటే ఉన్నది ఉన్నట్టుగా కొంగు కప్పుకుని పెళ్లిలో కూర్చోవడం. ఏదైనా మీరు నిర్ణయించుకునేదే, రిపోర్టు చేతికి వచ్చాక. ఇప్పుడే అన్నీ తలమీద వేసుకోకండి.

డబ్బు సంగతి ఒక్క మాట. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి పది లక్షల వరకు చికిత్స వర్తిస్తుంది, 2023 డిసెంబరులో ఐదు నుంచి పదికి పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు, ఏ కార్డు కావాలో వారినే అడగండి.

భర్తకు చెప్పడం గురించి. ‘ఆయన మంచివారే, కానీ రోడ్డు మీద ఉండగా చెబితే డ్రైవింగ్‌లో మనసు పెట్టలేరు’ అని రాశారు. నిజమే, ఫోనులో చెప్పకండి. ఆయన ఇంటికి వచ్చే రోజు దగ్గరలోనే ఉంటే అప్పుడు చెప్పి ఇద్దరూ కలిసి వెళ్లండి. పది పన్నెండు రోజులు దాటి వస్తారంటే ఆయన కోసం ఆగకుండా మొదటి పరీక్షలకు వెళ్లిపోండి, వచ్చాక చెప్పండి. మొత్తానికే చెప్పకపోతే మాత్రం చిక్కు. ఫలితం చెడుగా వస్తే ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సింది, పిల్లల్ని చూసుకోవాల్సింది, నెలల తరబడి మీ వెంట ఉండాల్సింది ఆయనే. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు మొదటిసారి ఈ విషయం వింటే, జబ్బు కన్నా మీరు దాచిన సంగతే ఆయన్ను ఎక్కువ బాధపెట్టవచ్చు.

ఇప్పుడు చెల్లి, అబ్బాయి వాళ్లు. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను, తీసుకోవడం మీ ఇష్టం. మీ గడ్డ గురించి అబ్బాయి వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. అది మీ శరీరం సంగతి. ఇంకా ఏమిటో కూడా తేలలేదు. కానీ చెల్లికి చెప్పండి. ఆమెకు 26 ఏళ్లు, పెళ్లి ఆమెది. ఆమెను కాపాడుతున్నామనుకుంటూ మీరు, నాన్న కలిసి ఆమె బతుకు గురించి ఆమెకు తెలియకుండా నిర్ణయాలు తీసుకుంటున్నారు.

అమ్మ గుండెపోటుతో పోయిందన్న మాట నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. అది తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పడం లేదు. కానీ ఆ మాట చెల్లి ఆరోగ్యానికే అడ్డం వస్తుంది. తల్లికి 46లో వచ్చింది కాబట్టి, అంతకు పదేళ్ల ముందు నుంచి, అంటే 36 నుంచి, చెల్లి ఏటా పరీక్షలు చేయించుకోవడం మంచిదని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. మీకూ అదే లెక్క వర్తిస్తుంది, మీరు ఆ వయసు ఇప్పటికే దాటారు. రేపు ఆమె భర్త పక్కన కూర్చుని ఉండగా డాక్టరు ‘మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా’ అని అడిగితే ఏం చెబుతుంది? ‘లేదు’ అంటే తన ప్రాణానికి ముప్పు. ‘ఉంది’ అంటే అబద్ధం బయటపడుతుంది. ఇలాంటి చోట చాలామంది ‘లేదు’ అనే అంటారు.

కాబట్టి చెల్లికి మూడు దారులున్నాయి. పెళ్లికి ముందు అబ్బాయికి తనే, పెద్దలెవరూ లేకుండా చెప్పడం. సంబంధం చెడే ప్రమాదం నిజంగానే ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. పెళ్లయ్యాక కొన్నాళ్లకు చెప్పడం. అప్పుడు సంబంధం నిలుస్తుంది గానీ నమ్మకం దెబ్బతినవచ్చు. ఎప్పటికీ చెప్పకపోవడం మూడోది, దాని ఫలితం పైన చెప్పాను. మొదటిదే మేలని నాకనిపిస్తుంది. మాట ఎలా చెప్పాలో తెలియకపోతే చెల్లి చేతికి ఈ వాస్తవాలివ్వండి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తల్లికో, అక్కచెల్లెళ్లకో, కూతురికో ఆ జబ్బు లేదు. అంటే ఇది ఏ ఇంటికైనా వస్తుంది, అబ్బాయి వాళ్ల ఇంటికి కూడా. తల్లికి వచ్చినంత మాత్రాన కూతుళ్లందరికీ రాదు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది వరకే.

ఆ ఐదు, పదిలో మీ ఇల్లు ఉందా అన్నది జన్యు పరీక్షతో తెలుసుకోవచ్చు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం ఉంటే జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 45 నుంచి 70 దాకా ఉంటుంది, అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. ఈ పరీక్షను జబ్బు వచ్చిన మనిషితో మొదలుపెడితేనే ఫలితం స్పష్టంగా ఉంటుంది. అమ్మ లేరు. మీ గడ్డ క్యాన్సర్ అని తేలితే డాక్టరు మీకే చేయమనవచ్చు, అందులో లోపం దొరికితే చెల్లికి కూడా చేయించాలి. మీది మామూలు గడ్డే అయితే దీనికి తొందర లేదు. అమ్మ తరఫున పిన్నులకు, పెద్దమ్మలకు, అమ్మమ్మకు ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా అని మాత్రం ఇప్పుడే ఆరా తీసి రాసిపెట్టుకోండి. నాన్న వైపువాళ్ల గురించి కూడా అడగండి, ఈ లోపం తండ్రి నుంచి కూడా రావచ్చు.

గడ్డ మామూలుదని తేలిన తర్వాత కూడా ఒక జాగ్రత్త ఉంది. రిపోర్టు కాపీ దగ్గర పెట్టుకోండి, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ అడిగి రాయించుకోండి. గడ్డ పెరిగినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం లాంటిది కారినా, చంకలో ఉండ తగిలినా ఆ తేదీ దాకా ఆగకండి.

నాన్నగారి గురించి. ఆయన మీ ప్రాణం కన్నా పెళ్లిని ఎక్కువ చూస్తున్నారని మీకు కోపం వచ్చింది, ఉత్తరంలో ఆ వాక్యాన్ని కొట్టేసినా నేను చదవగలిగాను. నాకు మాత్రం ఆయన భార్యను చూసినట్టు కూతురిని చూడలేక కళ్లు మూసుకుంటున్నారనిపిస్తోంది. మీ భర్త ఊళ్లో లేకపోతే పరీక్షకు ఆయన్నే తోడు రమ్మని అడిగి చూడండి. రానంటే బలవంతపెట్టకండి, నమ్మకమైన స్నేహితురాలినో తోటి టీచరునో తీసుకెళ్లండి. వస్తానంటే, దవాఖాన మెట్లెక్కడం ఆయనకు మీకంటే కష్టమని గుర్తుంచుకోండి. రాకపోయినా ఆయన్ను ఒక్కటి అడగాల్సిందే. అమ్మ పాత ఫైలు, ముఖ్యంగా ముక్క పరీక్ష రిపోర్టు, ఆయన దగ్గరే ఉండి ఉంటుంది. దాన్ని, ఆధార్ కార్డును, రేషన్ కార్డును, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల అట్టలను ఒక సంచిలో పెట్టుకోండి. చివరి నెలసరి తేదీ ఒక కాగితం మీద రాసుకుని, వచ్చే వారంలోనే బయలుదేరండి.